చెరకు పర్మిట్టు, కంటైనర్ యార్డు, మధ్యలో ఒక ఏజెంటు

మనం పడుకున్నాక కంప్యూటర్లు చేసే పనులను ఎవరు మొదలుపెడతారు? అవి అయ్యాయని ఎవరి మాట నమ్మాలి?

నరికిన గంట నుంచే నష్టం

చేలో నిలబడి ఉన్న చెరకుకు తొందర లేదు. నాలుగు రోజులు ఆలస్యమైనా రైతుకు పెద్దగా పోయేదేమీ ఉండదు. కత్తి పడ్డాక మాత్రం లెక్క మారిపోతుంది. గడలోనే ఉండే ఇన్వర్టేజ్ అనే ఎంజైము చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొట్టడం మొదలుపెడుతుంది. నరికిన చోటు నుంచి లోపలికి చేరిన బ్యాక్టీరియా రసంలో జిగురు పుట్టిస్తుంది. విడిపోయిన చక్కెర ఫ్యాక్టరీలో మళ్లీ పలుకు కట్టదు. పైగా ఎండకు గడ తేలికైపోయి కాటా దగ్గర తూకం తగ్గుతుంది. అందుకే నరికిన 24 గంటల్లోపు చెరకు గానుగలో పడాలంటారు.

బోధన్ ప్రాంతానికి ఈ సంగతి పుస్తకాలు చూసి నేర్చుకోవలసింది కాదు. మంజీరా నది మీద 1923లో మొదలైన నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. కాలువ నీళ్లతో చెరకు పెరిగింది. 1937లో బోధన్ దగ్గరి శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే అతి పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని ఒకప్పుడు దానికి పేరు. అంత పెద్ద ఫ్యాక్టరీకైనా రోజుకు ఇంత అని ఒక హద్దు ఉంటుంది. రైతులందరూ ఒకే రోజు నరికితే బండ్లు యార్డు దాటి రోడ్డెక్కుతాయి, గడలు ఎండిపోతాయి. ఎవరూ నరకకపోతే గానుగ ఖాళీగా తిరుగుతుంది.

దీనికి చక్కెర పరిశ్రమ కనిపెట్టిన ఉపాయం పర్మిట్టు. ఎవరు ఏ తేదీన చెరకు నాటారో కేన్ ఆఫీసులో రాసుకుంటారు. కోతకాలం దగ్గరపడగానే ఫీల్డ్‌మన్ చేనుకు వస్తాడు. గడ మొదట్లోంచి ఒక చుక్క, కొసలోంచి ఒక చుక్క రసం తీసి చేతి బ్రిక్స్ మీటరు గాజు మీద వేసి, వెలుతురుకు పెట్టి చూస్తాడు. మొదలుకూ కొసకూ తేడా తగ్గితే పంట పక్వానికి వచ్చినట్టు. ఆ తర్వాతే ఫలానా రోజు ఫలానా సర్వే నంబరులో నరకమని కటింగ్ ఆర్డరు వెళుతుంది.

ఇక్కడ నిర్ణయాలు తీసుకునేవాళ్లు ఇద్దరున్నారు. ఏ రోజు ఎవరి చెరకు అన్నది కేన్ ఆఫీసు తేలుస్తుంది. వచ్చిన బండి ఏ వరుసలో నిలబడాలి, ఏ క్యారియరు మీద దింపాలి, దారిలో ఇరుసు విరిగితే సరుకు ఏ బండిలోకి మార్చాలి అన్నది యార్డు చూసుకుంటుంది. కేన్ ఆఫీసుకు యార్డు రద్దీ తెలియదు. యార్డుకు రైతు నాట్ల తేదీ అక్కర్లేదు. ఇద్దరి మధ్యా కబురు మోసేవాడు ఫీల్డ్‌మన్. ఆర్డరు చేరిందా, బండి కదిలిందా, కాటా అయిందా, తూకం ఎంత అని చెప్పేది అతనే. అతను తప్పు చెబితే ఆఫీసు రిజిస్టరులో తప్పే ఎక్కుతుంది.

శక్కర్‌నగర్‌లో 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు, గానుగ ఆగింది. ఈ వ్యాసం ఆ ఫ్యాక్టరీ కథ కాదు. ఆ ముగ్గురి మధ్య నడిచిన పని ఇప్పుడు కంప్యూటర్లలో అచ్చం అలాగే నడుస్తోంది. అందులో మూడోవాడి గురించి, అంటే ఫీల్డ్‌మన్ గురించి ఈ వ్యాసం. సాఫ్ట్‌వేర్ వాళ్లు అతన్ని వర్క్‌లోడ్ ఆటోమేషన్ ఏజెంట్ అంటారు.

రాత్రి పనుల వరుస

బ్యాంకు వడ్డీ లెక్కలు, కరెంటు బిల్లులు, జీతాల ఫైళ్లు మనం బటన్ నొక్కితే జరిగేవి కావు. వేళకు వాటంతట అవే మొదలై, ఒకటి అయ్యాక మరొకటిగా సాగే పనులవి. ఒక్కో పనిని జాబ్ అంటారు. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ‘ప్రొడక్షన్ సపోర్టు’లో ఉన్న నిజామాబాద్ జిల్లా పిల్లల్ని అడగండి. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే చాలామటుకు సంగతి ఒకటే: ఏదో జాబ్ అబెండ్ అయి ఉంటుంది, అంటే మధ్యలో చచ్చి ఉంటుంది. 2023 ఆగస్టులో నిజామాబాద్‌లోనే ఐటీ హబ్ తెరిచారు కాబట్టి ఈ మాటలు ఇకమీదట కంఠేశ్వర్ టీకొట్ల దగ్గర కూడా వినబడవచ్చు.

మాటకు ఒక చక్కెర ఫ్యాక్టరీని ఊహించుకుందాం. రోజు లెక్క మూసే వేళకు కాటా ఎంట్రీలు పోగు చేయాలి. అది ఒక జాబ్. వాటిని పర్మిట్లతో సరిచూడాలి. అది రెండోది. ధర కట్టి, కోత, రవాణా, అప్పు మినహాయించాలి. అది మూడోది. బ్యాంకుకు చెల్లింపు ఫైలు పంపడం నాలుగోది. రైతుకు ఎస్సెమ్మెస్ అయిదోది. రేపటి పర్మిట్ల జాబితా ఆరోది. మూడోది సరిగ్గా అవనిదే నాలుగోది కదలకూడదు. ఇందులో ఆలస్యానికి వెల ఉంది. చెరకు ముట్టిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలని, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు చెబుతోంది.

ఏ జాబ్ ఎప్పుడు, దేని తర్వాత దేనిని అని తేల్చే సాఫ్ట్‌వేరు షెడ్యూలర్. బీఎంసీ కంట్రోల్-ఎమ్, బ్రాడ్‌కామ్ ఆటోసిస్, ఐబీఎం వర్క్‌లోడ్ షెడ్యూలర్ ఈ కోవలోవి. మన కేన్ ఆఫీసు ఇదే. సెలవులు, నెలాఖర్లు, ఆర్థిక సంవత్సరం ముగింపు అన్నీ దానికి తెలుసు. జాబ్ జరిగేది మాత్రం దాని దగ్గర కాదు, ఎక్కడో వేరే మెషీన్ల మీద.

ఆ మెషీన్ల దగ్గర షెడ్యూలర్ తరఫున ఉండేది ఏజెంటు. వెనకటికి దాని పని తేలిక. ఒక సర్వరు ఉండేది, దానికి ఒక పేరుండేది. ఏజెంటు ఆ సర్వరులోనే కాపురముండి, ఆర్డరు రాగానే ప్రోగ్రామును నడిపి, అది ముగిసిన అంకెను పైకి చెప్పేది. సున్నా అయితే విజయం, మరేదైనా అయితే వైఫల్యం. ఆ సర్వరు ఏళ్ల తరబడి అక్కడే ఉండేది, లాగ్ ఫైలు అందులోనే పడి ఉండేది. కంటైనర్లు వచ్చి ఈ స్థిరత్వాన్ని చెడగొట్టాయి.

యార్డు లోపల

కంటైనర్ అంటే ఒక ప్రోగ్రామును, అది నడవడానికి కావలసిన లైబ్రరీలతో, అమరికలతో సహా ఒకటిగా కట్టిన మూట. 2013లో డాకర్ అనే సాఫ్ట్‌వేరు వచ్చాక ఇది అందరికీ అందింది. ఎక్కడ విప్పినా ఒకేలా నడుస్తుంది. పదుల యంత్రాలు, వందల కంటైనర్లు ఉన్నప్పుడు ఏది ఎక్కడ నడవాలో మనుషులు చూసుకోలేరు. గూగుల్ 2014లో కుబర్నెటిస్ అనే సాఫ్ట్‌వేరును అందరికీ వదిలింది ఆ పని కోసమే. ఇది మన యార్డు ఇన్‌ఛార్జి. అది నడిపే యంత్రాల గుంపును క్లస్టర్ అంటారు.

కుబర్నెటిస్ నడిపే అతి చిన్న బండిని పాడ్ అంటారు. ‘ఈ పని ఒకసారి పూర్తి కావాలి’ అని చెప్పే ఆర్డరును అక్కడ కూడా జాబ్ అనే అంటారు. యార్డు ఆ ఆర్డరు తీసుకుని, ఎక్కడ ఖాళీ ఉందో చూసి పాడ్‌ను నిలబెడుతుంది. యంత్రం చచ్చిపోతే ఇంకో యంత్రం మీద కొత్త పాడ్ పెడుతుంది. పని అయ్యాక పాడ్‌ను తుడిచేస్తారు, దాంతో పాటు దాని లాగ్ కూడా పోతుంది. పేరు, చోటు, ఆయుష్షు మూడూ తాత్కాలికమే. పాత ఏజెంటు నమ్ముకున్న సర్వరు, ఫైలు, ప్రాసెస్ నంబరు ఇక్కడ లేవు. కొత్త ఏజెంటు లోపలికి చొరబడి ప్రోగ్రామును నడపదు. యార్డు గేటు దగ్గర నిలబడి ఆర్డరు కాగితం ఇస్తుంది, ఏమైందో అడిగి తెలుసుకుంటుంది.

బాక్సు: యార్డుకే గడియారం ఉండగా ఏజెంటు దేనికి?

కుబర్నెటిస్‌లో క్రాన్‌జాబ్ అని ఒకటుంది. ఫలానా వేళకు ఫలానా పని అని రాస్తే దానంతట అదే నడుపుతుంది. 2021 ఏప్రిల్‌లో అది పూర్తి స్థాయి సదుపాయమైంది. చిన్న పనులకు అదే చాలు, ఖర్చు పెట్టి షెడ్యూలర్ కొనక్కర్లేదు. కానీ దానికి తెలిసింది గడియారం ఒక్కటే. ‘కాటా ఫైలు వచ్చాక’, ‘నిన్నటి చెల్లింపు విజయవంతమైతేనే’ అనే షరతులు దాని భాషలో లేవు. పైగా ఎక్కువ క్లస్టర్లు యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక కాలంలో నడుస్తాయి. టైమ్‌జోన్ విడిగా రాయకుండా రాత్రి 2 గంటలకు పెట్టిన పని మన దగ్గర ఉదయం 7.30కు మొదలవుతుంది. టైమ్‌జోన్ రాసే వీలు స్థిరపడిందే 2023లో. ఇంకొక మాట కుబర్నెటిస్ పత్రాల్లోనే ఉంది: అరుదుగా ఒక వేళకు రెండు జాబులు పుట్టవచ్చు, లేదా ఒకటీ పుట్టకపోవచ్చు. ఎస్సెమ్మెస్ విషయంలో సర్దుకుపోవచ్చు. చెల్లింపు విషయంలో సర్దుకోలేం.

ఏజెంటును నియమించడం

ఇక అసలు పని, కాన్ఫిగరేషన్. తెర మీద చూస్తే నాలుగు గళ్లు నింపడమే: క్లస్టర్ చిరునామా, సర్టిఫికెట్, టోకెన్ అనే తాళంచెవి, నేమ్‌స్పేస్ అంటే క్లస్టర్‌లో ఒక విడి గది. అరగంట పని. ఆ అరగంటలో తీసుకున్న నిర్ణయాల ఫలితం మూడు నెలల తర్వాత ఒక రాత్రి తెలుస్తుంది.

మొదటిది, ఏజెంటు ఎక్కడుండాలి? యార్డు బయట ఒక మామూలు సర్వరులో ఉండవచ్చు, లోపలే ఒక పాడ్‌గానూ ఉండవచ్చు. బయట ఉంటే క్లస్టర్ తలుపు దాని కోసం తెరిచి పెట్టాలి. తాళంచెవి కూడా బయటే ఉంటుంది. లోపల ఉంటే తాళంచెవి కుబర్నెటిస్సే ఇస్తుంది, గడువులోపు తనే మారుస్తుంది. నా ఓటు లోపలికే. కానీ ఒక షరతు. పాడ్ చచ్చి కొత్తది లేస్తే అందులో రాసుకున్నదంతా పోతుంది. ఏ ఆర్డరు ఇచ్చాం, ఏది సగంలో ఉంది అన్న ఏజెంటు చిట్టా పాడ్‌తో పాటు తుడుచుకుపోకుండా, విడిగా నిలిచే డిస్కు మీద ఉండాలి. దాని పేరు కూడా మారకూడదు. లేస్తూనే కొత్త పేరు చెబితే షెడ్యూలర్ దాన్ని కొత్త మనిషి అనుకుంటుంది, పాత ఆర్డర్లకు జవాబు చెప్పేవారు ఉండరు.

రెండోది టోకెన్. 2022 మేలో వచ్చిన కుబర్నెటిస్ 1.24 నుంచి సర్వీస్ అకౌంట్లకు, అంటే ప్రోగ్రాములు వాడే ఖాతాలకు, గడువు లేని టోకెన్ దానంతట అది పుట్టడం ఆగిపోయింది. అడిగి తీసుకునే టోకెన్లు కొద్ది కాలమే పనిచేస్తాయి, మామూలుగా గంట. పాత పద్ధతి అలవాటైన వాళ్లు టోకెన్‌ను కాపీ చేసి ఏజెంటు గడిలో అతికిస్తారు. పరీక్షలో పనిచేస్తుంది. కాస్త పొద్దెక్కాక ‘అనుమతి లేదు’ అని మొదలవుతుంది. తప్పంతా నెట్‌వర్క్ వాళ్ల మీదికి పోతుంది, వాళ్లు పాపం ఫైర్‌వాల్ లాగులు తవ్వుకుంటూ కూర్చుంటారు.

మూడోది అధికారం. ఫీల్డ్‌మన్‌కు ఫ్యాక్టరీ తాళాలన్నీ ఇవ్వరు. ఏజెంటుకు మాత్రం తొందరలో ‘క్లస్టర్ అడ్మిన్’ ఇచ్చేస్తారు, ఎందుకంటే దాంతో ఏ అడ్డంకీ రాదు. నిజానికి దానికి కావలసినవి కొన్నే: ఒక నేమ్‌స్పేస్‌లో జాబ్ పుట్టించడం, చూడటం, అవసరమైతే ఆపడం, పాడ్‌లను చూడటం, వాటి లాగ్ చదవడం. ఈ చివరిది విడిగా ఇవ్వాలి. పాడ్‌ను చూసే అనుమతి ఉన్నంత మాత్రాన లాగ్ చదివే అనుమతి వచ్చినట్టు కాదు. జాబులు నడుస్తున్నాయి గానీ అవుట్‌పుట్ ఖాళీగా వస్తోందంటే చాలాసార్లు కారణం ఇదే.

ఇంతకంటే పదునైన చిక్కు ఇంకొకటి. సీక్రెట్లు అంటే పాస్‌వర్డులు, బ్యాంకు తాళాలు దాచిన గళ్లు. ఏజెంటుకు వాటిని చదివే అనుమతి ఇవ్వలేదు, నిశ్చింతగా ఉన్నాం అనుకుంటాం. కానీ జాబ్ పుట్టించగలిగినవాడు ఆ నేమ్‌స్పేస్‌లోని ఏ సీక్రెట్‌నైనా తన పాడ్‌కు తగిలించి చదివించుకోగలడు. నేరుగా తలుపు మూసినా పెరటి దారి తెరిచే ఉంటుంది. అందుకే చెల్లింపు జాబులకు ఒక నేమ్‌స్పేస్, ఎస్సెమ్మెస్‌లకు మరొకటి, ఒక్కోదానికి విడి సర్వీస్ అకౌంట్. ఎస్సెమ్మెస్ ఏజెంటు చేతికి బ్యాంకు తాళం అందకూడదంటే ఇదే నికరమైన దారి.

ఒకే చెరకుకు రెండుసార్లు డబ్బు

ఇప్పుడు ఏజెంటు వృత్తిలో అన్నిటికంటే కష్టమైన క్షణాన్ని దగ్గరగా చూద్దాం.

రాత్రి 1 గంట 10 నిమిషాలు. షెడ్యూలర్ నుంచి ఆర్డరు వచ్చింది: చెల్లింపు ఫైలు జాబ్ నడుపు. ఏజెంటు కుబర్నెటిస్‌కు ఆర్డరు పంపింది. కుబర్నెటిస్ తీసుకుంది, జాబ్ పుట్టింది. ‘తీసుకున్నాను’ అనే జవాబు తిరిగి వస్తుండగా నెట్‌వర్క్ తెగింది. లేదా సరిగ్గా అదే సెకనులో ఏజెంటు పాడ్ చచ్చి, మళ్లీ లేచింది. చిట్టాలో చూసుకుంటే ‘పంపబోతున్నాను’ అని ఉంది, ‘పంపాను’ అని లేదు.

ఇప్పుడేం చేయాలి? మళ్లీ పంపితే రెండుసార్లు నడవవచ్చు. పంపకపోతే అసలు నడవకపోవచ్చు. 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన చెరకు ధర 10.25 శాతం చక్కెర రికవరీకి క్వింటాలుకు 355 రూపాయలు. 20 టన్నులు తోలిన రైతుకు 71,000. అది రెండుసార్లు పడితే రైతు అప్పటికే ఎరువుల కొట్టుకో ఆడపిల్ల ఫీజుకో కట్టి ఉంటాడు. వెనక్కి అడగడం ఫ్యాక్టరీ వాళ్లకు ఎంత నామోషీయో చెప్పనక్కర్లేదు.

దీనికి కుబర్నెటిస్‌లో ఒక మంచి నియమం అక్కరకొస్తుంది. ఒక నేమ్‌స్పేస్‌లో ఒకే పేరుతో రెండు జాబులు ఉండలేవు. కాబట్టి జాబుకు ఏదో ఒక పేరు పుట్టించమని యార్డుకు వదిలెయ్యకూడదు. షెడ్యూలర్ ఇచ్చిన రన్ నంబరును, తేదీని కలిపి ఏజెంటే ముందుగా పేరు కట్టాలి, చిట్టాలో రాసుకోవాలి, ఆ తర్వాతే పంపాలి. అనుమానం వస్తే అదే పేరుతో మళ్లీ పంపుతుంది. మొదటిది నిజంగా చేరి ఉంటే ‘ఈ పేరుతో ఇప్పటికే ఉంది’ అని 409 అనే సంఖ్యతో జవాబొస్తుంది. అదిక్కడ పొరపాటు కాదు, శుభవార్త. ఏజెంటు దాన్ని వైఫల్యంగా పైకి చెప్పకుండా, ఉన్న జాబునే అందుకుని కాపలా కాయాలి. పర్మిట్టు మీద నంబరు వేసేది కూడా ఇందుకే. ఒకే నంబరుతో రెండో బండి వస్తే కాటా దగ్గర ఆపేస్తారు.

ఈ చిన్న అమరిక చాలా చోట్ల ఉండదు. ఏజెంటును అమ్మిన సంస్థ ఇచ్చిన నమూనా ఫైలులో పేరు దానంతట అది పుట్టేలా రాసి ఉంటే అలాగే వాడేస్తారు. సదుపాయంగా ఉంటుంది, పేర్ల గొడవ రాదు. వచ్చేది డబ్బు గొడవ.

పేరుకు కాలపరిమితి ఉందని కూడా గుర్తుంచుకోవాలి. పాత జాబును తుడిచేశాక అదే పేరు మళ్లీ చెల్లుతుంది. కాబట్టి చెల్లింపు ప్రోగ్రాము కూడా బ్యాంకుకు పంపే ముందు ‘ఈ బ్యాచ్ నంబరు ఇదివరకే పంపామా’ అని తన పట్టీ తను చూసుకోవాలి. ఏజెంటు ఎంత బుద్ధిమంతుడైనా లోపలి ప్రోగ్రాము బాధ్యత తీరదు.

మళ్లీ ప్రయత్నించే హక్కు ఎవరిది?

పని చెడితే మళ్లీ చేయాలి. ఎవరు చేయాలి? ఇక్కడ ముగ్గురు తయారుగా ఉంటారు: కుబర్నెటిస్, షెడ్యూలర్, లోపలి ప్రోగ్రాము. కుబర్నెటిస్ జాబుకు ఏమీ చెప్పకపోతే ఆరు వైఫల్యాల దాకా ఓర్చుకుంటుంది, అంటే ఏడు ప్రయత్నాలు. మధ్య విరామం 10 సెకన్లు, 20, 40 అని రెట్టింపవుతూ ఆరు నిమిషాల దగ్గర ఆగుతుంది. షెడ్యూలర్‌లో ఎవరో ‘ఫెయిలైతే మూడుసార్లు రీరన్’ అని పెట్టి ఉంటారు. అంటే మొత్తం నాలుగు విడతలు. ఏడు నాలుగులు ఇరవై ఎనిమిది. ప్రోగ్రాము లోపల కూడా ఎవరైనా మూడేసిసార్లు బ్యాంకు తలుపు తట్టేలా రాసి ఉంటే 84. బ్యాంకు సర్వరు ఇబ్బందిలో ఉన్న రాత్రి కస్టమర్లందరి ఏజెంట్లూ ఇలాగే తడితే అది లేచే అవకాశం కూడా ఉండదు.

నా అభిప్రాయంలో యంత్రం చావడం, మెమరీ చాలకపోవడం వంటి యార్డు ఇబ్బందులకు ఒకటి రెండు ప్రయత్నాలు కుబర్నెటిస్‌కు వదలాలి. లెక్క తప్పడం, ఫైలు రాకపోవడం వంటి పనికి సంబంధించిన తప్పులకు మళ్లీ నడపాలా వద్దా అన్నది షెడ్యూలరే తేల్చాలి. చెల్లింపులకైతే యార్డు చేసే మరు ప్రయత్నాలు సున్నా. పొద్దున మనిషి చూసి నడిపితే నష్టం కొన్ని గంటలే.

ఎదురుచూపుకూ హద్దుండాలి. పాడ్ మొదలయ్యేందుకు చోటు లేకపోతే ‘పెండింగ్’ అని కూర్చుంటుంది. మూట పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే దాన్ని తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఇవి వైఫల్యాల లెక్కలోకి రావు, ఎందుకంటే పని మొదలే కాలేదు. గడువు రాయకపోతే ఆ జాబ్ సంక్రాంతి దాకా అలాగే ఉండగలదు. జాబ్ ఆర్డరులో యాక్టివ్ డెడ్‌లైన్ అనే గడి ఉన్నది ఇందుకే. ఇన్ని సెకన్లలో తేలకపోతే విఫలమైనట్టే అని రాస్తాం. మామూలుగా 20 నిమిషాలు పట్టే పనికి గంట పెడితే సరిపోతుంది.

బాక్సు: 137 అంటే?

పాడ్ చివరి మాటగా ఒక అంకె చెబుతుంది. 0 అంటే పని ముగిసింది. 1 అంటే ప్రోగ్రామే తప్పు ఒప్పుకుంది. 137 వేరు. ప్రోగ్రామును బయటినుంచి బలవంతంగా చంపారన్నమాట: 128కి, చంపే సంకేతం సంఖ్య 9 కలిపితే 137. చాలాసార్లు కారణం కేటాయించిన మెమరీ దాటడం. 143 అంటే మర్యాదగా ఆగమన్నారు, ఆగింది. అలా చెప్పాక కుబర్నెటిస్ మామూలుగా 30 సెకన్లు ఆగుతుంది, అప్పటికీ కదలకపోతే బలవంతమే. ఏజెంటు ఈ అంకెలన్నిటినీ ‘ఫెయిల్’ అనే ఒక్క మాటగా కుదించి పైకి పంపితే, రాత్రి లేచినవాడు మెమరీ పెంచాలో, ప్రోగ్రాము దిద్దాలో తెలియక రీరన్ కొడతాడు.

ఆకుపచ్చ అబద్ధం

సపోర్టు టీముల్లో ఇలాంటి ఫోన్లు మామూలే:

“అన్నా, జాబ్ గ్రీన్‌లనే ఉన్నది. ఫైలు మాత్రం రాలే.”

“లాగ్ చూసినవా?”

“పాడ్ లేదన్నా, పోయింది.”

ఈ మూడు మాటల్లో రెండు తప్పులున్నాయి. ఒకటి, ఆ గ్రీన్. అది ఎందుకు వచ్చింది? పాడ్ లోపల ఒక స్క్రిప్టు ఉండి ఉంటుంది. అందులో లెక్క కట్టే ప్రోగ్రాము మొదటి వరుస, ‘పని ముగిసింది’ అని రాసే వరుస చివరిది. మొదటిది చచ్చినా, చివరిది ఆ మాట నిక్షేపంగా రాసి సున్నా తిప్పి ఇచ్చింది. కుబర్నెటిస్ చివరి అంకెనే చూస్తుంది, ఏజెంటు కుబర్నెటిస్‌నే చూస్తుంది, షెడ్యూలర్ ఏజెంటునే నమ్ముతుంది. ఎవరూ అబద్ధమాడలేదు, అయినా రిజిస్టరులో అబద్ధమే ఎక్కింది. మందు రెండు చోట్ల వేయాలి. స్క్రిప్టు మొదటి తప్పు దగ్గరే ఆగేలా రాయాలి. షెడ్యూలర్‌లో తర్వాతి జాబ్ ‘ముందరిది గ్రీన్ అయితే’ అని కాక, ‘ఫైలు వచ్చి, అందులో వరుసల సంఖ్య కాటా ఎంట్రీల సంఖ్యతో సరిపోతే’ అని ఎదురుచూడాలి. బండి గేటు దాటిందన్న కబురుకు ఏ ఫ్యాక్టరీ డబ్బు ఇవ్వదు, తూకం చీటీకే ఇస్తుంది.

రెండోది, లాగ్ పోవడం. అయిపోయిన జాబులు పేరుకుపోకుండా ఇన్ని సెకన్ల తర్వాత తుడిచేయమని చెప్పే సదుపాయం 2021 చివర్లో స్థిరపడింది. మంచిదే. కానీ శుభ్రత మీద మోజుతో దాన్ని 60 సెకన్లకు పెట్టి, ఏజెంటును మాత్రం రెండు నిమిషాలకోసారి వచ్చి చూడమంటే, ఏజెంటు వచ్చేసరికి జాబూ లేదు, పాడూ లేదు, లాగూ లేదు. ఉందో లేదో తెలియని దాన్ని ఏజెంటు ఏమని చెబుతుంది? కొన్ని ‘విఫలం’ అంటాయి, కొన్ని ‘తెలియదు’ అంటాయి. రెండోదే నిజాయతీ. తుడిచే గడువు ఒక రోజైనా ఉంచి, ఏజెంటు లాగ్‌ను తీసుకుని దాచాకే పోనివ్వాలి. డిస్కు మీద ఆ నాలుగు కిలోబైట్ల చోటు కోసం పీనాసితనం వద్దు.

ఇంకో సూక్ష్మం చెప్పకుండా ముందుకు పోలేను. ఆటోసిస్ వాడే టీముల్లో ఒక జాబును తాత్కాలికంగా పక్కన పెట్టడానికి రెండు దారులున్నాయి. ‘హోల్డ్’లో పెడితే దాని వెనకవన్నీ ఆగి ఎదురుచూస్తాయి. ‘ఐస్’లో పెడితే ఆ జాబ్ అయిపోయినట్టే లెక్కగట్టి వెనకవి కదులుతాయి. మన ఫ్యాక్టరీలో మినహాయింపులు విడి జాబుగా ఉండి, దాన్ని ఐస్‌లో పెడితే, అప్పులూ కోత కూలీ తీసేయకుండానే చెల్లింపు ఫైలు వెళ్లిపోతుంది. కుబర్నెటిస్‌కు ఈ తేడా తెలియదు. ఏజెంటుకూ తెలియదు. తెలిసింది ఆ మాట టైప్ చేసిన మనిషికే.

నేర్చుకునేవాళ్లకు

ఇదంతా నేర్చుకోవడానికి పెద్ద కంపెనీ, ఖరీదైన సర్వర్లు అక్కర్లేదు. ‘కైండ్’, ‘మినీక్యూబ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు మామూలు ల్యాప్‌టాప్‌లోనే చిన్న కుబర్నెటిస్ క్లస్టర్ నిలబెడతాయి. 8 జీబీ మెమరీ ఉంటే నడుస్తుంది. నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో డిగ్రీ, ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఒక సెలవు రోజు కేటాయిస్తే చాలు. ఏజెంటుగా పైథాన్‌లో రాసిన చిన్న ప్రోగ్రాము సరిపోతుంది: ఒక జాబ్ ఆర్డరు పంపాలి, దాని స్థితి చూడాలి, లాగ్ తేవాలి. మూడు పనులే.

అది నడిచాక అసలు పరీక్ష పెట్టండి. జాబ్ పంపిన మరుక్షణం మీ ఏజెంటును చంపేసి మళ్లీ లేపండి. ఒకసారి కాదు, పదిసార్లు. ప్రతిసారీ క్లస్టర్‌లో జాబులెన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కసారైనా ఒకటికి రెండు కనబడితే ఆ ఏజెంటును ఎస్సెమ్మెస్‌లకు వాడుకోండి గానీ రైతు డబ్బు జోలికి పోనివ్వకండి.